నీటికుక్క ఒంటి బొచ్చు, మా ఇంటి తెలుగు

బెంగళూరులో పెరుగుతున్న పిల్లలకు తెలుగు నిలవాలంటే ఇంట్లో పద్యాలూ పండుగలూ ఉంటే చాలని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నాకు మాత్రం అవి చాలవనిపిస్తుంది. పిల్లల బుర్రను తొలిచే ప్రశ్నకు జవాబు కూడా తెలుగులోనే దొరికినప్పుడు గాని వాళ్ళకు ఆ భాషతో నిజంగా పని పడదు. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం చక్కగా మాట్లాడే మా అమ్మాయికి కొంతకాలంగా సముద్రపు నీటికుక్కల (ఇంగ్లీషులో సీ ఆటర్ల) ధ్యాస పట్టుకుంది గనుక, మా ఇంట్లో ఆ పని వాటి చుట్టూనే జరుగుతోంది.

కాకినాడలో ఉండే మా అమ్మకు కోరంగి మడ అడవుల్లోని నీటికుక్కలు తెలిసినవే. ఫోనులో మనవరాలు ఈ ఉత్తర పసిఫిక్ జంతువు సంగతి ఎత్తుకోగానే ఆవిడ, "ఒడ్డుకు రాకపోతే ఎక్కడ పడుకుంటుంది అమ్మలూ?" అని అడిగింది. నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూనే నిద్రపోతుందనీ, కొట్టుకుపోకుండా కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచును ఒంటికి చుట్టుకుంటుందనీ చెప్పడానికి మా అమ్మాయి మంచం మీద వెల్లకిలా పడుకుని, దుప్పటి నడుముకు చుట్టుకుని, వీడియోలో చూపించింది. "మరి చలి వెయ్యదూ?" అని ఆవిడ మళ్ళీ అడిగింది.

ఆ ప్రశ్న దగ్గరే మేము చాలాసేపు ఆగిపోయాము. తిమింగలాలకూ సీల్‌లకూ చర్మం కింద మందమైన కొవ్వు పొర ఉంటుంది, దీనికి అది లేదు. బదులుగా జంతువులన్నిటిలోకీ అత్యంత దట్టమైన బొచ్చు ఉంది. మన తల మొత్తం మీద సుమారు 1,00,000 వెంట్రుకలుంటే, దీని ఒంటి మీద ఒక్క చదరపు సెంటీమీటరులోనే అంతకు మించి ఉండగలవు. పైన పొడవాటి వెంట్రుకలు, లోపల మెత్తని నూగు ఉంటాయి. ఆ నూగులో నిలిచిన గాలే చర్మానికి నీళ్ళు తగలనివ్వదు. అందుకే ఇది రోజూ గంటల తరబడి ఒళ్ళు దువ్వుకుంటుంది. చమురు అంటితే ఆ గాలి పొర పోతుంది. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు ఇవి అంత పెద్ద సంఖ్యలో చనిపోవడానికి అదొక ముఖ్య కారణం. ఈ బొచ్చు కోసమే మనుషులు వీటిని 18వ శతాబ్దం నుంచి వేటాడి, 1911లో అమెరికా, బ్రిటన్, రష్యా, జపాన్ ఈ వేటకు అడ్డుకట్ట వేసే ఒప్పందం చేసుకునే నాటికి మహా అయితే 2,000 మిగిల్చారు. ఈ భాగాన్ని పిల్లకు దాచకుండా చెప్పాను, చెప్పాలి కూడా.

బొచ్చు ఒక్కటే చలిని ఆపలేదు గనుక లోపలి నుంచి కూడా వేడి పుట్టాలి. అందుకని ఈ జంతువు రోజుకు తన బరువులో దాదాపు నాలుగో వంతు తింటుంది. ముందుకాళ్ళ చంకల కింద వదులుగా ఉండే చర్మపు సంచిలో ఆహారాన్నీ, ఒక్కోసారి రాయినీ దాచుకుని పైకి వచ్చి, పొట్ట మీద ఆ రాయిని పెట్టుకుని ఆల్చిప్పలను దాని మీద కొట్టి పగలగొడుతుంది.

"తాగడానికి మంచినీళ్ళో?" అన్నది అమ్మ తర్వాతి ప్రశ్న. దానికి జవాబును మా అమ్మాయే వెతికి తెలుగులో చెప్పింది: ఇది సముద్రపు నీళ్ళే తాగగలదు, ఎందుకంటే దీని మూత్రపిండాలు చాలా పెద్దవి, అవి ఉప్పును చిక్కని మూత్రంతో బయటికి పంపేస్తాయి.