మామ్మ కొవ్వొత్తి పట్టుకుని గుణదలకి

ఫిబ్రవరి 10 సాయంత్రం ఐదింటికి మా అమ్మ పుట్టిన ఊళ్ళో, పేటలోని గుడి ముందు నలభై మందిమి పోగయ్యాం. ఊరు ఆగిరిపల్లి దాటాక లోపలికి ఉంటుంది. అక్కడి నుంచి విజయవాడలో మరియమాత గుడి ఉన్న గుణదల కొండకి దాదాపు 30 కిలోమీటర్ల నడక. పెళ్ళి కాకముందు అమ్మ ఏటా ఈ దారినే నడిచేదట. నేను హైదరాబాద్‌లో పెరిగాను. గుణదల వెళ్ళినప్పుడల్లా రైలు దిగి, కొండెక్కి, మాతకి దండం పెట్టుకుని, రాత్రి బండికి వెనక్కి వచ్చేసేవాణ్ణి. అమ్మ పోయాక వచ్చిన మొదటి తిరునాళ్ళు ఇది. నడవాలనిపించింది. పెద్దమ్మకి ఫోన్ చేస్తే, "రా నాన్నా, మీ అమ్మ నడిచిన దారేగా" అంది.

ఈ ఊళ్ళో ఫాదర్ గారు ఉండరు. ఆయన చూసుకునే ఊళ్ళన్నిటినీ కలిపి విచారణ అంటారు, దాని కేంద్రం వేరే ఊరు. ఆయన రెండు వారాలకోసారి బండి మీద వచ్చి పూజ చేసి వెళ్తారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది ఉపదేశి మామయ్య. పిల్లలకి జపాలు నేర్పేదీ ఆయనే, అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఫాదర్ గారికి కబురు పంపేదీ ఆయనే. ఇక్కడ ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అది గుడికి వస్తుంది. ఆ రాత్రి మేము దారిలో తిన్న పులిహోర ఆ గుప్పెళ్ళ బియ్యంతో వండిందే. ఇంతమంది పొయ్యి దగ్గర నుంచి వచ్చిన అన్నం అది. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

బయల్దేరే ముందు ఉపదేశి మామయ్య భార్య ఒక నోటుపుస్తకం తెరిచింది. నలిగిపోయిన రెండొందల పేజీల పుస్తకం, అట్టకి పాత క్యాలెండర్ కాగితం. అందులో ఇంటింటి మొక్కులూ రాసి ఉన్నాయి. రాలేనివాళ్ళవి కూడా. పిల్లకి సంబంధం, కొడుక్కి ఉద్యోగం, ఎండిపోతున్న బోరు, ఆపరేషన్ అయిన గుండె. నడిచే ప్రతి ఒక్కరికీ ఆవిడ ఒక ఇంటి మొక్కు అప్పగించింది. మన మొక్కు మన మనసులో ఉంచుకోవచ్చు, పైకి చెప్పాల్సింది మాత్రం ఎదుటివాళ్ళదే. నాకు వీధి చివర ఇంటి మామ్మ మొక్కు వచ్చింది. ఆవిడకి కళ్ళు సరిగా కనపడవు, మోకాళ్ళు లేవనివ్వవు. నా చెయ్యి తడిమి పట్టుకుని, కొంగు ముడి విప్పి మడతలు పడ్డ ఇరవై రూపాయల నోటు నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ఒక కొవ్వొత్తి. గుహ దగ్గర వెలిగించు. మీ అమ్మ కూడా నాకు ఒకసారి వెలిగించింది" అంది.

చీకటి పడేసరికి రోడ్డెక్కాం. ముందు సిలువ పట్టుకుని ఒక కుర్రాడు, వెనక జపమాలతో ఆడవాళ్ళు. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" అని మంగళవార్త జపంలో ముందు సగం వాళ్ళంటే, వెనక సగం మేము. ప్రతి పది మంగళవార్త జపాలకీ ఒకరు తమకి అప్పగించిన ఇంటి మొక్కు పైకి చదివేవారు. లారీ పోయినప్పుడు గొంతులు మునిగిపోయేవి, అది వెళ్ళాక మళ్ళీ పైకి తేలేవి. రెండు పక్కలా మామిడి తోటలు. పూత వాసన ఎంత దట్టంగా ఉందంటే, చలిగాలి వీచినప్పుడల్లా మొహం మీద పడ్డట్టుండేది. నా వంతు వచ్చినప్పుడు మామ్మ మొక్కు చెప్పాను. గొంతు వణికింది. సొంత అమ్మ గురించి అడుక్కుంటే ఆ వణుకు రాదేమో, ఇంకొకరి నమ్మకం చేతిలో ఉంటే వస్తుంది.

నున్న దాటేసరికి కుడి మడమ బొబ్బెక్కి చిట్లిపోయింది. ఆగిపోతానేమోనని టెన్షన్ పట్టుకుంది. పక్కన నడుస్తున్న బాబాయి ఏమీ అడక్కుండా రోడ్డు పక్కన కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి, తన తలకి చుట్టుకున్న తువ్వాలు చింపి కట్టు కట్టాడు. నలభై మందీ ఆగారు. ఒక్కరూ "పదండి పదండి" అనలేదు. ఒక పాట పాడుకుంటూ నిలబడ్డారు. నేను లేచాకే పాట ఆపి నడిచారు.

తెల్లవారుజామున రామవరప్పాడు రింగు దాటేసరికి నాలుగు వైపుల నుంచీ జనం. కాషాయం పంచెలు కట్టినవాళ్ళు, బొట్లు పెట్టుకున్నవాళ్ళు, పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్న తండ్రులు. ఏలూరు కాలువ పక్కన లైట్ల వెలుగులో కొండ కనబడగానే పెద్దమ్మ రోడ్డు మీదే మోకరించింది.

ఈ కొండకి లూర్దుమాత స్వరూపం వచ్చింది 1924లో. ఇక్కడి అనాథాశ్రమం చూసుకుంటున్న ఆర్లాటి అనే ఇటలీ గురువులు ప్రతిష్ఠించారు. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్ అనే పేదింటి అమ్మాయికి, రాతి గుహలో మరియమాత దర్శనమిచ్చింది. మొత్తం 18 సార్లు కనబడిందనీ, "నేను అమలోద్భవిని", అంటే జన్మపాపం అంటకుండా తల్లి కడుపున పడ్డదాన్ని, అని చెప్పిందనీ చిన్నప్పుడు అమ్మ చెప్పేది. ఆ తేదీకే ఇక్కడ 9, 10, 11 మూడు రోజులూ ఉత్సవం. 1992లో పోప్ జాన్ పాల్ రెండవవారు ఈ ఫిబ్రవరి 11నే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నిర్ణయించారు. కొండ కింద చక్రాల కుర్చీలూ, మంచాల మీద మోసుకొచ్చిన ముసలివాళ్ళూ కనబడుతుంటే, ఆ తేదీ ఎవరి కోసమో ఎవరూ చెప్పక్కర్లేదు.

తలనీలాలు ఇచ్చినవాళ్ళ గుండ్ల మీద ఎండ పడుతోంది. కొబ్బరికాయలు కొట్టిన నీళ్ళతో నేల తడిసి జారుతోంది. ఇదేం క్రైస్తవమని ముక్కు విరిచేవాళ్ళని నేను చాలామందిని చూశాను. మా అమ్మమ్మకి దేవుడి ముందు తెలిసిన మర్యాద కొబ్బరికాయే. ఆవిడ అదే తెచ్చింది. తప్పు నాకెప్పుడూ కనబడలేదు.

మేత్రాణులు, అంటే బిషప్ గారు, సమర్పించిన దివ్యబలిపూజలో దివ్యసత్ప్రసాదం తీసుకుని గుహ దగ్గరికి వెళ్ళాను. అక్కడ కొవ్వొత్తులు ఒకదాని వేడికి ఒకటి కరిగి, వంగి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మామ్మది పెట్టడానికి చోటు లేదు. నా పక్కన బొట్టుపెట్టుకున్న ఒకావిడ తన కొవ్వొత్తిని కాస్త జరిపి, "ఇక్కడ పెట్టు బాబూ" అంది. ఆవిడ మంటతోనే అంటించాను. మామ్మ కళ్ళు, మోకాళ్ళు చెప్పుకున్నాక, అమ్మ పేరు కూడా చెప్పాను.

తిరుగుప్రయాణం ఆటోల్లో అరగంటలో అయిపోయినట్టనిపించింది. సాయంత్రం మామ్మ ఇంటికి వెళ్ళి, కొబ్బరిచిప్ప చేతిలో పెట్టాను. అరుగు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టింది. ఎక్కడ వెలిగించావు? గుహకి ఎంత దూరం? గాలికి ఆరిందా? నిలబడి కాసేపు చూశావా? ఒక్కొక్కటీ చెప్పాను. కొవ్వొత్తి జరిపి చోటిచ్చిన ఆవిడ సంగతి చెప్పగానే ఆగి, "ఆవిడ మొక్కేంటో అడిగావా?" అంది.

అడగలేదన్నాను.

"అయితే ఆవిడకీ చెప్పుకుందాం" అని జపమాల తీసి, సిలువ వేసుకుని, నా వైపు తిరిగి, "ముందు సగం నువ్వు చెప్పు" అంది.