తోసి చూసి కొన్న బండి

పదిహేనేళ్లు స్కూటర్ మీద తిరిగి, ముప్ఫై ఆరేళ్లకి గేర్ల బండి నేర్చుకున్నాను. నేర్చుకోవడం పెద్ద కష్టం కాలేదు. ఏ బండి కొనాలన్న దగ్గరే రెండు నెలలు నలిగాను.

మనసులో ఉన్నది మాత్రం ఒకటే: రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఫోన్ వాల్‌పేపర్ కూడా అదే. బరువు 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు అని చదివాను. చదివితే సరిపోతుందా! మా తమ్ముడు ఆ అంకెలు చూసి, "అక్కా, ముందు నీ కాలు కొలుచుకో" అన్నాడు. బూట్లు వేసుకుని గోడకి వీపు ఆనించి, కాళ్ల మధ్య అట్టపుస్తకం పైదాకా జరిపి టేపుతో కొలిస్తే 740 మిల్లీమీటర్లు వచ్చింది.

"ఒక్క ఎత్తే కాదు, సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకుని కాలు ఇంకా పైకే ఆగిపోతుంది. సన్నగా ఉంటే అదే ఎత్తులో కూడా అందుతుంది" అని వాడి పాఠం. నేను నమ్మలేదు. మునివేళ్లు ఆనితే చాల్లే అనుకున్నాను.

ఆ మాట ఒక పార్కింగులో తేలిపోయింది. దాదాపు అంతే బరువున్న స్నేహితురాలి బండి మీద మెల్లగా మలుపు తిప్పుతున్నాను. ముందు బ్రేకు పట్టాను, హ్యాండిల్ ఇంకా ఎడమకే తిరిగి ఉంది. కాలు దించాను. అక్కడ నేల కాస్త పల్లం. రెండంగుళాలు ఉంటుందేమో. అందాల్సిన నేల అందలేదు. బండి కొంత వంగేదాకా తొడతో ఆపొచ్చు. ఆ గీత దాటాక ఎవరి తరమూ కాదు, వదిలేసి పక్కకి తప్పుకోవాల్సిందే. అప్పుడు వేగం ఎంతంటే, సున్నా. క్లచ్ లివర్ కొస విరిగింది. "పోనీలేవే, లివరేగా" అంది గానీ దాని మొహం చూడాలి! ఇద్దరం కలిసి లేపాం.

అప్పట్నుంచి బండి చూడటానికి వెళ్తే ముందు స్టార్ట్ చేయడం మానేశాను. స్టాండు తీసి, పక్కన నిలబడి తోయడమే. ముందుకి పదడుగులు, వెనక్కి పదడుగులు, హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఒక చుట్టు. ఒక షోరూమ్ కుర్రాడైతే "మేడమ్, పెట్రోలుంది, నడిపి చూడండి" అని పాపం రెండుసార్లు చెప్పాడు. నడుస్తున్నప్పుడు ఏ బండైనా తేలిగ్గానే ఉంటుంది బాబూ, ఆగినప్పుడే దాని బరువంతా మన మీద పడేది.

ఇంజన్ విషయంలో తమ్ముడు చెప్పిన ఒక్క ముక్క పనికొచ్చింది. రెండు బండ్లకీ 20 హార్స్‌పవర్ అనే రాసి ఉండొచ్చు. ఒకటి ఆ బలాన్ని 7,000 ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే ఇస్తుంది, ఇంకోటి 10,000 దాకా లాగితే గానీ ఇవ్వదు. కొత్త చెయ్యి క్లచ్ వదిలేటప్పుడు తడబడుతుంది కాబట్టి, కింది ఆర్‌పీఎమ్‌లోనే లాగే బండైతే ఊరికే ఆగిపోదు. సీసీ ఎంతని మాత్రమే అడిగేవాళ్లకి ఇది పట్టదు.

చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దగ్గర మాత్రం రాజీ పడలేదు. భయం వేస్తే కొత్తవాళ్ల వేళ్లు ముందు బ్రేకుని గట్టిగా బిగిస్తాయి, నావీ అంతే. బ్రేకు వేయగానే బరువు ముందుకి వస్తుంది, బండిని ఆపేది ఎక్కువగా ముందు చక్రమే. అది తిరగడం ఆగి జారిందంటే పడటమే. ఏబీఎస్ చక్రం వేగాన్ని కనిపెడుతూ, బిగుసుకుపోబోతే బ్రేకుని సెకనులో ఎన్నోసార్లు వదిలి పట్టిస్తుంది.

ఎలాగూ ఇంకోసారి పడేస్తాను కదా అని సెకండ్ హ్యాండే వెతికాను. వెళ్లగానే ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టేదాన్ని. ఒకాయన బండి అప్పటికే వేడిగా ఉంది. "ఇప్పుడే అలా వెళ్లొచ్చానండీ" అన్నాడు. నిజమే కావచ్చు, కానీ చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో చూడకుండా నేనెలా కొంటాను? ఇంకో బండికి టైర్ల మీద నాలుగంకెలు 2316. అంటే 2016లో 23వ వారం తయారు. పైకి నిగనిగలాడుతున్నా రబ్బరు గట్టిపడిపోయింది. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్లచక్రం) పళ్లు ఒకవైపుకి కొక్కేల్లా వంగితే చైన్ సెట్టు మార్చాలి. ముందు ఫోర్కుల మీద, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాల మీద, నూనె తడి ఉంటే సీలు పోయినట్టు. హ్యాండిల్ చివర్లు గీసుకుని ఉంటే అదీ నాలాంటి వాళ్ల చేతిలో పడిందన్నమాట. దానికైతే నాకు జాలేసింది.

చివరికి 150 సీసీ, 140 కిలోల లోపు, సన్నటి సీటున్న బండి తీసుకున్నాను. క్లచ్ లివర్‌కి నా పొట్టి వేళ్లు అందుతాయి. చూడటానికి ఏమంత అందగత్తె కాదు. హెల్మెట్, గ్లౌజుల డబ్బు ముందే పక్కన పెట్టేశాను, లేకపోతే అదీ బండిలోకే పోయేది.

నాలుగో రోజు ఇంటి ముందే కుడివైపుకి పడేశాను. సైడ్ స్టాండు దించి, గేరులో పెట్టి, బండికి వీపు తిప్పి సీటుకి నడుము ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని కాళ్లతో చిన్న చిన్న అడుగులు వేస్తూ వెనక్కి నెట్టాను. లేచింది. ఎవరూ చూడలేదు.

పోయిన వారం స్నేహితురాలి బండిని అడిగి మళ్లీ తోసి చూశాను. ముందుకి బాగానే కదిలింది. వెనక్కి మాత్రం ఇంకా రెండడుగులే.