రాత్రే నానబెట్టుకుంటే

జీతం ఆగిపోయిన మూడు నెలల్లో నేను మొదట చేసిన పని తినేది తగ్గించడం. ఖర్చు తగ్గాలంటే అదొక్కటే దారి అనుకున్నాను. పాలు మానేశాను, గుడ్లు మానేశాను, కూరగాయలు సగానికి సగం తగ్గించాను. ఒక పూట అన్నం, బంగాళాదుంప కూర, రెండో పూట మళ్లీ అదే, మధ్యలో నూడుల్స్ ప్యాకెట్. కడుపైతే నిండేది. కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి నీరసం, సాయంత్రానికి చిరాకు, రాత్రి ఎనిమిదికి తట్టుకోలేనంత ఆకలి, చూస్తే ఇంట్లో ఏమీ వండి ఉండేది కాదు, ఇప్పుడు మొదలుపెడితే ఎప్పటికయ్యేను అని బయట ఏదో ఒకటి తెచ్చుకునేదాన్ని. నెలాఖరున కూర్చుని కాగితం మీద లెక్క వేస్తే, పాలు గుడ్లు మానేసి మిగిల్చిన దానికంటే ఆ రాత్రి ఆకలికి పెట్టిన డబ్బే ఎక్కువ తేలింది.

చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరు అని పెద్దవాళ్లు అంటే వినడమే గానీ నా ఒంటి మీదకి వచ్చాకే తెలిసింది. ఇంకొకటి కూడా తెలిసింది. రేపు ఏం వండాలో ఏమీ అనుకోకుండా పడుకున్న ప్రతి రాత్రికీ మర్నాడు డబ్బు కట్టాను.

అప్పటి నుంచి పడుకునే ముందు తప్పకుండా చేసే పని ఒకటి పెట్టుకున్నాను, ఏదో ఒక గింజ నానబెట్టడం. శనగలు, అలసందలు, రాజ్మా, ఏది చౌకగా దొరికితే అది. రెండు నిమిషాల పని. పొద్దున లేచేసరికి గిన్నెలో అవి ఉబ్బి కనిపిస్తే ఆ రోజు వంట సగం అయిపోయినట్టే. నానిన గింజల్ని పారేయబుద్ధి కాదు కాబట్టి బయట తిందామన్న ఆలోచన కూడా రాదు.

గింజల గురించి కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే చాలామంది ఒకసారి వండి, గట్టిగా వచ్చాయని మళ్లీ ఆ జోలికి పోరు. 100 గ్రాముల ఎండు శనగలు నాని ఉడికాక దాదాపు 240 గ్రాములవుతాయి. డబ్బాల్లో అమ్మే ఉడికించిన శనగలు కొంటే ఆ నీటి బరువుకి కూడా మనమే డబ్బు ఇస్తున్నాం. నానబెట్టే నీళ్లలో కొంచెం ఉప్పు వేయండి, తొక్క మెత్తబడుతుంది. ఉప్పేస్తే గింజ ఉడకదన్న మాట నేనూ చాలాకాలం నమ్మాను, అది నిజం కాదు. ఉడకనివ్వనిది పులుపు. టమాటా, నిమ్మరసం లాంటివి ముందే వేస్తే గంటసేపు ఉడికించినా లోపల పలుకు అలాగే ఉంటుంది, అందుకని గింజ పూర్తిగా మెత్తబడ్డాకే పులుపు వేయాలి. ఉడికిందో లేదో తెలియాలంటే ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. మధ్యలో చిన్న రాయిలా తగిలితే ఇంకా టైమ్ పడుతుంది, వెన్నలా నలిగిపోతే అయిపోయినట్టు. ఏళ్ల తరబడి డబ్బాలో ఉండిపోయిన గింజలు మాత్రం ఎంత నానబెట్టినా సరిగ్గా ఉడకవు. తొందరగా ఉడకాలని వంటసోడా వేస్తారు కానీ దానితో బి1 విటమిన్ చాలావరకు పోతుంది, నేను వేయను.

కుక్కర్ ఉంటే ఈ తిప్పలన్నీ సగమవుతాయి. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటి వేడెక్కవు, కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడికి 120 డిగ్రీల దగ్గరకు వెళ్తాయి. గిన్నెలో గంటకు పైగా పట్టే శనగలు కుక్కర్‌లో 20 నిమిషాల్లో అయిపోతాయి, గ్యాస్ అయినా కరెంటు అయినా అంత మిగులుతుంది.

రాజ్మా విషయంలో మాత్రం జాగ్రత్త. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, సగం ఉడికినవి నాలుగు గింజలు తిన్నా గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కుతకుతలాడేలా అరగంట మరిగించి, ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. సన్నని వేడి మీద గంటల తరబడి వండే స్లో కుక్కర్‌లో పచ్చివి నేరుగా వేయొద్దు, ఆ సన్నని వేడికి విషం పోదు సరికదా పెరుగుతుంది కూడా.

ఇక ప్రొటీన్ లెక్క. నా అలవాటు ఏంటంటే, సరుకు కొనేటప్పుడు ప్యాకెట్ ధర చూసి ఊరుకోను, ఆ డబ్బుకి ఎన్ని గ్రాముల ప్రొటీన్ వస్తుందో చూస్తాను. 100 గ్రాముల పప్పులో దాదాపు 24 గ్రాములు, వేరుశనగ గింజల్లో 25, సోయా చంక్స్‌లో 50 పైనే, ఒక గుడ్డులో 6. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి సుమారు 0.8 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 48. లెక్క ఇలా వేసుకోండి. 75 గ్రాముల పప్పు, రెండు గుడ్లు, 200 గ్రాముల బియ్యం, 30 గ్రాముల వేరుశనగ గింజలు, ఇవి రోజు మొత్తంలో తింటే 50 దాటిపోతుంది. ఇందులో ఖరీదైనది ఒక్కటీ లేదు. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న భాగాలతో తయారవుతుంది. బియ్యం, గోధుమల్లో వాటిలో ఒకటైన లైసిన్ తక్కువ, పప్పుల్లో అది బాగా ఉంటుంది, పప్పుల్లో తక్కువయ్యే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ధాన్యాల్లో ఉంటుంది. రెండూ ఒకే పూట కలిపి తినాలన్న టెన్షన్ అక్కర్లేదు, ఒకే రోజులో పడితే చాలు. నేను మానేసిన పాలు, గుడ్లు మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో కారణం బి12 విటమిన్. మొక్కల నుంచి వచ్చే తిండిలో అది నమ్ముకునేంత దొరకదు. ఈ రెండూ అసలు తీసుకోనివాళ్లు బి12 టాబ్లెట్ గురించి డాక్టర్‌ని అడగాలి.

కూరగాయల్లో నాకు పెద్ద పట్టింపులు లేవు. రోజుకి పళ్లు, కూరగాయలు కలిపి కనీసం 400 గ్రాములు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, నేను ఆ అంకెను చౌకైన వాటితోనే నింపుతాను. క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి, ఏదో ఒక ఆకుకూర. క్యాలీఫ్లవర్ కాడలు, లేత ఆకులు కూడా సన్నగా తరిగి కూరలో వేసేస్తాను. ఫ్రోజెన్ బఠాణీలు దొరికితే మొహమాటపడకుండా కొనండి, కోసిన వెంటనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు బాగానే ఉంటాయి. కడిగి తరగాలి, తరిగి కడగకూడదు, ఉడికించిన నీళ్లు పారబోయకుండా పప్పులో కలపాలి, సి విటమిన్, బి విటమిన్లు ఆ నీళ్లలోకే దిగుతాయి. క్యారెట్, ఆకుకూరల్లో చెంచాడు నూనె పడాలి, వాటిలోని, ఒంట్లో ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ ఒంటికి పట్టేది కొవ్వుతోనే. పప్పు, ఆకుకూర వండిన రోజు పైన నిమ్మకాయ పిండుకుంటే వాటిలోని ఐరన్ ఎక్కువగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అదే ఐరన్ తగ్గిపోతుంది, గంట ఆగండి.

రుచి దగ్గర మాత్రం పీనాసితనం చేయొద్దని నా గట్టి అభిప్రాయం. చప్పగా వండిన పప్పు వరుసగా నాలుగు రోజులు ఎవరూ తినలేరు, ఐదో రోజు కాళ్లు బయటికే లాగుతాయి. నేను ఆదివారం ఆరు ఉల్లిపాయలు సన్నగా తరిగి, సన్నని సెగ మీద నలభై నిమిషాలు వేయిస్తాను. మొదట నీరు వదులుతాయి, తర్వాత మెత్తబడి పసుపు రంగులోకి వస్తాయి, ఆ తర్వాత అంచులు ఎర్రబడి ఇల్లంతా తియ్యటి వాసన వస్తుంది. అడుగంటబోతుంటే చెంచాడు నీళ్లు చల్లి గీకుతాను, ఆ అడుగున ఉన్నదే అసలు రుచి. చివర్లో వెల్లుల్లి వేసి దించేసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెడతాను. మూడు రోజులు ఏ గింజలో కలిపినా అదొక కూర అయిపోతుంది.

ఎక్కువ వండి దాచుకునేవాళ్లు ఒక్క విషయం మర్చిపోకండి. వండిన అన్నం బయట రాత్రంతా వదిలేయకూడదు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఉడికించినా చావదు, గది వేడిలో పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రెండు గంటల్లోపు వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉడికించిన గింజలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతాయి, ఫ్రీజర్‌లో అయితే నెలల తరబడి.

ఫ్రిజ్ లేదు, కుక్కర్ లేదు, ఉన్నది ఒక్క గిన్నె అనేవాళ్లు కూడా ఉంటారు, నేనూ కొన్నాళ్లు అలా గడిపాను. వాళ్లు మసూర్ పప్పుతో మొదలుపెట్టండి. నానబెట్టకపోయినా 20 నిమిషాల్లో ఉడికిపోతుంది. ఒక పూటకి సరిపడా పోసుకుని, ఉడికే పప్పులోనే గుప్పెడు ఆకుకూర తుంచి వేసి, దించే ముందు ఒక గుడ్డు కొట్టి కలిపి రెండు నిమిషాలు మూత పెట్టండి. కడగడానికి ఒక్క గిన్నే ఉంటుంది, దాచడానికి ఏమీ మిగలదు.