చిరిగిన ముఖపత్రం, ఒక వాట్సాప్ గ్రూపు

గుంటూరులో నేను లైబ్రేరియన్‌గా పనిచేస్తున్న కళాశాలలో గ్రంథాలయం పేరిట ఒక వాట్సాప్ గ్రూపు మూడేళ్లుగా నడుస్తున్నది. మొదటి ఏడాదిన్నర దాన్ని నేను నడిపిన తీరు తలచుకుంటే ఇప్పుడు సిగ్గు కలుగుతుంది. పొద్దున్నే ఒక సూక్తి, పండుగనాడు ఒక శుభాకాంక్షల బొమ్మ, సెలవుల ప్రకటన, గడువు దాటిన పుస్తకాల గురించి ఒక హెచ్చరిక, అంతకు మించి అందులో ఏమీ ఉండేది కాదు. గ్రూప్-2 పరీక్షకు చదువుతున్న ఒక పూర్వ విద్యార్థిని "సార్, ఎకానమీ కొత్త ఎడిషన్ వచ్చిందా?" అని అడిగిన ప్రశ్న నాలుగు పూలగుత్తుల బొమ్మల కింద కూరుకుపోయింది. నేను చూసి, బీరువాలో ఉందని జవాబిచ్చేసరికి ఆమె పరీక్ష రాసి వచ్చేసింది. పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలన్నది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో నాలుగవది. లైబ్రరీ సైన్సు చదివిన రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రమే అది.

ఆ తరువాత ఒక శనివారం, పాత తెలుగు పుస్తకాల ర్యాకు దులుపుతూ, వెన్ను మీది పేర్లు చదవగలిగేంత దగ్గరగా మూడు అరల ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాను. పెద్ద ఆలోచనేమీ లేదు, ఆ రోజు సూక్తి దొరకలేదంతే. సాయంత్రానికి ఏడుగురు తమకు కావలసిన పుస్తకాలను ఫోటోలోనే గీత గీసి పంపించారు. రెండవ అరలో, ఎడమ నుంచి అయిదవదిగా, అట్ట లేక ఖాకీ కాగితం చుట్టిన పుస్తకం ఒకటి ఉన్నది. తెనాలి ప్రాంతంలోని ఒక గ్రామ చరిత్ర అది. ముఖపత్రం చిరిగిపోయినందున వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస సంఖ్యతో నమోదు చేసే మా యాక్సెషన్ రిజిస్టరులో దాని ఎదుట రచయిత గడిలో ఒక అడ్డగీత మాత్రమే ఉంటుంది. మా కళాశాలలోనే చదివి, తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఆ ఖాకీ అట్టను ఫోటోలో పెద్దది చేసి చూసి, లోపలి మొదటి పేజీ ఫోటో ఒకటి పంపమన్నారు. పంపిన అరగంటకు, తమ ఇంట్లో ఉన్న అదే పుస్తకపు మరో ప్రతిలోని ముఖపత్రాన్ని ఫోటో తీసి పెట్టారు. రచయిత పేరు, ముద్రించిన ప్రెస్సు, సంవత్సరం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న నలుగురికీ తెలియని సంగతిని ఒక పాఠకుడు తేల్చారు.

సోషల్ మీడియా గ్రంథాలయానికి ఎందుకు అని అడిగేవారికి నేను ఇప్పుడు ఈ సంగతి చెబుతున్నాను. పాఠకులకు మనం తెలియజేయడానికి అది పనికివస్తుందన్నది నిజమే కాని, ఆ పని గోడ మీది నోటీసు కూడా చేస్తుంది. పాఠకులకు తెలిసినది గ్రంథాలయంలోకి రావడానికి ఇంతకంటే సులువైన దారి ఇంతకుముందు లేదు.

పాఠకుడు ఉన్నచోటికి వెళ్లడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో తిరిగే పడవలలో పుస్తకాలు పెట్టి ప్రయాణికుల చేత చదివించారు. జనం గంటల తరబడి పడవలో కూర్చుంటారు కనుక పుస్తకం పడవ ఎక్కింది. ఇప్పుడు వారి మనవలు ఫోను ముందు కూర్చుంటున్నారు. అయితే పడవలో ఎదురుగా మనిషి ఉంటాడు, అడిగితే జవాబు చెబుతాడు. మన ఫేస్‌బుక్ పేజీలలో చాలావాటిలో ఆ మనిషే లేడు.

పాఠకులు కూడా గ్రంథాలయ పనిలో చేయి కలపాలన్న ఈ ఆలోచనకు బయటి దేశాలలో పేరు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. 2005లో మైకేల్ కేసీ అనే అమెరికన్ లైబ్రేరియన్ దీన్ని లైబ్రరీ 2.0 అన్నారు. ఆ పేరు చుట్టూ చాలా కాగితం ఖర్చయింది, అదంతా చదవనవసరం లేదు. ఒక్క ఉదాహరణ చాలు. 2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన వద్ద ఉన్న పాత ఫోటోలు 3 వేలకు పైగా ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైటులో పెట్టి, చూసినవారిని వివరాలు రాయమన్నది. ఫలానా వీధి, ఫలానా రైలు ఇంజను, ఫలానా మనిషి అంటూ జనం వేల సంఖ్యలో వ్యాఖ్యలు రాశారు. గ్రంథాలయ సిబ్బంది వాటిని సరిచూసుకుని, మొదటి ఏడాదిలోనే 500కు పైగా కేటలాగు వివరాలను మెరుగుపరచుకున్నారు. ఇందులో నేను ముఖ్యమనుకునేది చివరి మెట్టు. వ్యాఖ్యలు ఫ్లికర్‌లోనే ఉండిపోకుండా కేటలాగులోకి ఎక్కాయి. మా తెలుగు పండితులు చెప్పిన సంగతి మాత్రం మూడు రోజుల్లో ఇతర సందేశాల కిందికి జారిపోయింది. నేను పెన్సిలుతో రిజిస్టరులో రాసుకోకపోయి ఉంటే, నా తరువాత వచ్చేవారికి మళ్లీ ఆ అడ్డగీతే మిగిలేది.

కనుక పని కేటలాగు దగ్గర మొదలుకావాలి. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న గ్రంథాలయం కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. అందులో పాఠకులు పుస్తకానికి ట్యాగులు, అంటే వెతుక్కోవడానికి పనికివచ్చే గుర్తు మాటలు, తగిలించవచ్చు, వ్యాఖ్య రాయవచ్చు, తమకు నచ్చిన జాబితాలు తయారుచేసుకుని నలుగురికీ చూపవచ్చు, లైబ్రేరియన్ ఆమోదించిన తరువాతే వ్యాఖ్య బయటికి కనిపిస్తుంది. మన కళాశాలల్లో కోహా ఉన్నచోట కూడా ఈ సౌకర్యాలను తెరచినవారు తక్కువ. బూతులు రాస్తారేమోనన్న భయం ఒకటి, అదనపు చాకిరీ అన్న విసుగు మరొకటి. మేము తెరిచిన ఏడాదిలో బూతు ఒక్కటి కూడా రాలేదు. "ఈ పుస్తకంలో 112 నుంచి 120 పేజీలు లేవు" అన్న ఫిర్యాదులు మాత్రం చాలా వచ్చాయి, నిజంగానే లేవు.

తెలుగు పుస్తకాల విషయంలో దీనికంటే ముందున్న చిక్కు మరొకటి ఉన్నది. మా పాత జాబితా డీటీపీ చేసినవారి అలవాటు కొద్దీ "అను" అనే పేరుగల ఫాంట్లలో టైపు అయింది. తెర మీద చక్కని తెలుగులా కనిపించే ఆ అక్షరాలు కంప్యూటరుకు అర్థం లేని గుర్తులు, ఎంత వెతికినా ఒక్క పేరూ దొరకదు. దాన్ని ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకోవడానికి మాకు ఒక వేసవి పట్టింది. ఆ పైన వర్ణక్రమం గొడవ. విశ్వనాథ అని మేము పెడితే పాఠకుడు విశ్వనాధ అని వెతుకుతాడు. పాఠకుడిని అనడమెందుకు, ఎన్ని గ్రంథాలయాల బోర్డుల మీద "గ్రంధాలయం" అని రాసి ఉన్నదో లెక్కపెట్టడం నాకు బస్సు ప్రయాణంలో కాలక్షేపం. పాఠకుల ట్యాగులు ఇక్కడ అక్కరకు వచ్చాయి. వారు ఏ అక్షరంతో వెతుకుతారో ఆ అక్షరంతోనే ట్యాగు పెడతారు కనుక, తప్పు రూపం నుంచి కూడా సరైన పుస్తకానికి దారి ఏర్పడింది.

గ్రూపు వల్ల జరిగిన కీడు కూడా చెప్పాలి, అది నా తప్పే. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయన్న సంగతిని నేను తేలికగా తీసుకున్నాను. ఎవరో తెలియని నంబరు నుంచి రాత్రిపూట సందేశాలు వస్తున్నాయని చెప్పి ఒక విద్యార్థిని గ్రూపు నుంచి వెళ్లిపోయింది. ఆ తరువాత గ్రంథాలయానికి రావడం కూడా మానేసింది. ఇప్పుడు ప్రకటనలన్నీ వాట్సాప్ ఛానల్‌లో పెడుతున్నాము, అక్కడ అనుసరించేవారి నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. కాని ఛానల్‌లో వారు మాట్లాడలేరు. అందువల్ల ప్రశ్నలకు గ్రంథాలయం నంబరు ఒకటి విడిగా ఇచ్చి, రోజూ సాయంత్రం అయిదు లోపల జవాబు ఇస్తామని తలుపు మీద రాసిపెట్టాము. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో, ఎవరికి ఎంత జరిమానా పడిందో నలుగురిలో పెట్టడం పూర్తిగా మానుకున్నాము.

ఆ నంబరు లైబ్రేరియన్ సొంతది కాకపోవడం చాలా అవసరం. బదిలీ మీద వెళ్లిన మనిషితో పాటు పేజీ పాస్‌వర్డు కూడా వెళ్లిపోయి, మూడేళ్ల కిందటి ఉగాది శుభాకాంక్షల దగ్గర ఆగిపోయిన పేజీలు నాకు తెలిసినవే నాలుగున్నాయి. సిమ్ము సంస్థ పేరిట ఉండాలి, అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి.

ప్రజా గ్రంథాలయాలకు ఈ పని మాకంటే ఎక్కువ అవసరం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకంగా కడుతున్నామని మన పట్టణాల్లో చాలామందికి తెలియనే తెలియదు. కట్టేవారికి తమ డబ్బుతో ఈ నెల ఏ పుస్తకాలు వచ్చాయో ఫోటోతో సహా చూపితే, అడిగే హక్కు ఉన్నదని వారికే తోస్తుంది. వికీపీడియా సంగతి కూడా ఉన్నది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానిలోని మన ఊళ్ల వ్యాసాలు చాలావాటికి ఆధారాలు తక్కువ, ఆ ఆధారాలేమో మన బీరువాల్లో మూలుగుతున్నాయి. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన పుస్తకాలను స్కాన్ చేసి, వికీపీడియాకు తోబుట్టువైన ఉచిత పుస్తకాల సైటు వికీసోర్సులో పెట్టడానికి చట్టం అడ్డురాదు. నిన్నగాక మొన్న అచ్చయిన గైడును పీడీఎఫ్ చేసి గ్రూపులో పంచడం మాత్రం సేవ కాదని, మా విద్యార్థులకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతున్నది.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో ఈసారి వక్తృత్వ పోటీని ఒక్క పూటకు కుదించి, మిగతా రోజులలో రచయిత గడిలో అడ్డగీత ఉన్న పుస్తకాల మొదటి పేజీలను ఫోటోలు తీసి ఛానల్‌లో పెట్టాలని అనుకుంటున్నాము. అటువంటివి 64 తేలాయి. ఆ తెలుగు పండితులైన పెద్దాయనకు ఆ జాబితా ముందే పంపాను, మూడింటి రచయితల పేర్లు పేజీలు చూడకుండానే చెప్పారు.