ర్యాండమ్ పాస్‌వర్డ్ ఫంక్షన్: ఒక్క ప్రశ్న మీద మూడు వారాలు

ప్రోగ్రామింగ్ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది: "పొడవు ఎంతో చెబితే అంత పొడవున్న ర్యాండమ్ పాస్‌వర్డ్ ఇచ్చే ఫంక్షన్ రాయండి." మొదటి అటెంప్ట్‌లో నాకు ఇదే వచ్చింది. ఐదు నిమిషాల్లో రాసేశాను, రన్ చేస్తే అవుట్‌పుట్ కూడా సరిగ్గానే వచ్చింది. వైవాలో మాత్రం "ఈ పాస్‌వర్డ్‌ను ఇంకొకరు కనిపెట్టగలరా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. మార్కులు పోయిన బాధ కంటే, రాసిన కోడ్ నాకే అర్థం కాలేదన్న బాధ ఎక్కువైంది. ఆ తర్వాత మూడు వారాలు రోజూ ఒక గంట ఈ ఫంక్షన్‌కే ఇచ్చాను.

నా కోడ్ పైథాన్‌లో ఉంది. ర్యాండమ్ మాడ్యూల్‌కు ఆ క్షణంలోని టైమ్‌ను సెకన్లలో సీడ్‌గా (లెక్క మొదలయ్యే సంఖ్యగా; అదే సీడ్ ఇస్తే మళ్లీ అదే వరుస వస్తుంది) ఇచ్చి, ఛాయిస్ ఫంక్షన్‌తో ఒక్కో అక్షరం తీశాను. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు కలిపి 62. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్ అంటే దాదాపు 218 లక్షల కోట్ల అవకాశాలు. వినడానికి చాలా పెద్ద సంఖ్య. కానీ సీడ్ టైమ్ అయినప్పుడు, అది ఏ రోజు తయారైందో తెలిస్తే చాలు, ప్రయత్నించాల్సినవి 86,400 మాత్రమే. రోజుకు ఉన్న సెకన్లు అన్నే కదా. నమ్మకం కలగక ఒక రాత్రి నేనే లూప్ రాసి ఆ రోజు సెకన్లన్నీ సీడ్‌గా ఇస్తూ పోయాను. కొన్ని సెకన్లలోనే నా పాస్‌వర్డ్ స్క్రీన్ మీద కనిపించింది. దయచేసి ఈ ప్రయోగం మీరూ చేయండి. పది పేజీల నోట్స్ చదివినా రాని స్పష్టత దీనితో వస్తుంది.

"సీడ్ ఇవ్వకపోతే సరిపోతుందిగా?" అని నా ఫ్రెండ్ అడిగాడు. సరిపోదు. ర్యాండమ్ మాడ్యూల్ వెనక ఉన్నది మెర్సెన్ ట్విస్టర్. 1998లో మాట్సుమోటో, నిషిమురా ప్రచురించిన అల్గారిథమ్ అది. సిమ్యులేషన్లకు చక్కగా పనికొస్తుంది. కానీ వరుసగా 624 అవుట్‌పుట్లు, ఒక్కొక్కటి 32 బిట్లు, పూర్తిగా చూసినవాళ్లు తర్వాత ఏం రాబోతోందో లెక్కకట్టగలరు. అందుకే పైథాన్ 3.6లో సీక్రెట్స్ మాడ్యూల్ వచ్చింది. అది ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ర్యాండమ్ బైట్లనే వాడుతుంది. జావాలో అయితే సెక్యూర్‌ర్యాండమ్, పీహెచ్‌పీ 7 నుంచి ర్యాండమ్ ఇంట్. మీ భాషలో ఏదుందో దాన్ని పట్టుకోండి.

నాకు బాగా నచ్చిన భాగం మాడ్యులో పక్షపాతం, అంటే శేషంతో ఎంచుకున్నప్పుడు కొన్ని అక్షరాలకు ఎక్కువ అవకాశం రావడం. రెడీమేడ్ ఫంక్షన్ వాడకుండా, బైట్ తీసుకుని అక్షరం ఎంచుకోమని కొందరు అడుగుతారు. బైట్‌ను 62తో భాగించి శేషం తీసుకోవడం అందరికీ వెంటనే తోచే పద్ధతి. ఇక్కడ కాగితం మీద లెక్క వేయండి. బైట్ విలువలు 256. 62 నాలుగుసార్లు 248, ఇంకా 8 మిగులుతాయి. అంటే వరుసలో మొదటి ఎనిమిది అక్షరాలకు ఐదేసి అవకాశాలు, మిగతా 54 అక్షరాలకు నాలుగేసి. 248, అంతకంటే పెద్ద విలువ వస్తే దాన్ని వదిలేసి ఇంకో బైట్ తీసుకోవాలి. ఈ ఒక్క కండిషన్ చాలు.

"కనీసం ఒక అంకె ఉండాలి" అనే షరతు దగ్గర చాలామంది మొదటి స్థానంలో పెద్దక్షరం, చివర అంకె పెట్టేస్తారు. అలా చేస్తే ఆ స్థానాలు ముందే తెలిసిపోతాయి. పూర్తి పాస్‌వర్డ్ తయారుచేసి, షరతు తప్పితే మొత్తం మళ్లీ తయారుచేయడం నా పద్ధతి. షరతుకు సరిపోయే ప్రతి పాస్‌వర్డ్‌కూ అప్పుడే సమాన అవకాశం ఉంటుంది. శాంపిల్ ఫంక్షన్ జోలికి పోవద్దు, అది ఒకసారి తీసిన అక్షరాన్ని మళ్లీ తీయదు.

ఎంట్రోపీ, అంటే పాస్‌వర్డ్ ఊహించడం ఎంత కష్టమో బిట్లలో చెప్పే కొలత, దాని లెక్క కూడా చేతిలో ఉంచుకోండి. 62 అక్షరాలతో 12 పొడవుకు సుమారు 71 బిట్లు. 32 గుర్తులు కలిపి 94 చేస్తే దాదాపు 79. గుర్తులు కలపకుండా పొడవును 14 చేస్తే 83.

వైవాకు ఒక నిజమైన ఉదాహరణ ఉంటే ధైర్యంగా ఉంటుంది. 2006లో డెబియన్ అనే లైనక్స్ సిస్టమ్‌లో, ఎన్‌క్రిప్షన్ కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో చేసిన ఒక చిన్న మార్పు వల్ల ర్యాండమ్‌కు ఆధారంగా ప్రాసెస్ నంబర్ (రన్ అవుతున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబర్) ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం కీకి వచ్చే అవకాశాలు 32,768 దగ్గర ఆగిపోయాయి. 2008 దాకా అది బయటపడలేదు. ఆ కీలు కూడా చూడటానికి మామూలుగానే ఉండేవి.

రెండో అటెంప్ట్‌లో పాస్‌వర్డ్ అడగలేదు, ఆరు అంకెల ఓటీపీ అడిగారు. సీక్రెట్స్‌లోని ర్యాండ్‌బిలో ఫంక్షన్‌కు (ఇచ్చిన సంఖ్య కంటే చిన్న ర్యాండమ్ సంఖ్య ఇస్తుంది) పది లక్షలు ఇచ్చి, చిన్న సంఖ్య వస్తే ముందు సున్నాలు చేర్చాను. "సున్నాలెందుకు? లక్ష నుంచి మొదలుపెట్టొచ్చుగా?" అన్నారు మేడమ్. సున్నాతో మొదలయ్యే లక్ష కోడ్‌లు పోతాయండీ అన్నాను. ఆవిడ నా కాగితం ఇంకోసారి చూసి, తర్వాతి ప్రశ్నకు వెళ్లారు.