కొండ చుట్టూ చెప్పుల్లేకుండా

మా బావమరిది బెజవాడ దుర్గమ్మకు మొక్కి భవానీ మాల వేసుకుని నలభై ఒక్క రోజులైంది. "అమ్మవారి కొండ చుట్టూ గిరి ప్రదక్షిణకు తోడు రండి భవానీ" అన్నాడు. మాలలో ఉన్నన్నాళ్లూ వాడికి ఎవరైనా భవానీయే, బావనైన నేను కూడా.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా నాన్న నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. గోరా గారి నాస్తిక కేంద్రం 1947లో ముదునూరు నుంచి బెజవాడకు మారింది. నా చిన్నప్పుడు నాన్న పటమటలోని ఆ కేంద్రానికి వెళ్తుండేవాడు. వాళ్లు ఏ దేవుడి పేరూ తలవకుండా నిప్పుల మీద నడిచి చూపించేవాళ్లు. బొగ్గు ఎంత కణకణలాడినా వేడిని పాదానికి గబుక్కున అందించదని, ఆగకుండా నడిస్తే కాలదని నాన్న చెప్పేవాడు. చెప్పి ఊరుకోలేదు, తనూ ఒకసారి నడిచాడు. ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆయన అరికాళ్లు చూడాల్సి వచ్చేది.

2024 డిసెంబరు, తెల్లవారుజామున మూడు గంటలు. చుట్టూ ఎర్రబట్టలు, తలల మీద ఇరుముళ్లు. కుమ్మరిపాలెం దాటేసరికే నా అరికాళ్లు మండిపోతున్నాయి. మొత్తం ఏడెనిమిది కిలోమీటర్లు. నాలుగు స్తంభాల సెంటర్, సితార, కబేళా... మామూలుగా బండి మీద పావుగంటలో తిరిగే రోడ్లు. ఆ రోజు ఒక్కో కంకర రాయీ పేరు పెట్టి పలకరించింది.

"కష్టపడి వస్తేనే అమ్మ దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది భవానీ" అన్నాడు.

అర్జునుడు ఈ కొండ మీదే తపస్సు చేశాడంటారు కదా, ఆయనకు కావాల్సింది పాశుపతాస్త్రం, కష్టం కాదు, అన్నాను. వాడు నవ్వేసి వేగం పెంచాడు.

వాడిది సింగ్‌నగర్. సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు పక్కింటి పసిబిడ్డను ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకుని, ఛాతీ లోతు నీళ్లలో ఫ్లైఓవర్ దాకా నడిచాడు. ఆ సంగతి నాకు ఆ బిడ్డ తల్లి చెబితేనే తెలిసింది. అందుకే అడిగాను, అప్పుడు అమ్మవారు గుర్తొచ్చిందా అని.

చాలా సేపు మాట్లాడలేదు. పాల ఫ్యాక్టరీ దాటాక అన్నాడు: "ఎవరూ గుర్తు రాలేదు. కాలి కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో, అదొక్కటే టెన్షన్. ఆ సంగతి ఎత్తకండి."

ఈ నడక గురించైతే నెల రోజులుగా ఊరంతా చెబుతున్నాడు.

చిట్టినగర్ దగ్గర ఒకావిడ బిందెలతో పసుపు నీళ్లు పెట్టుకుని అందరి కాళ్ల మీద పోస్తోంది. మాల లేని నా కాళ్ల మీదా పోసింది. ప్రాణం లేచొచ్చింది. ఇల్లెక్కడమ్మా అంటే వెనక్కి తిరిగి కొండ వాలు చూపించింది. పైన పెద్ద బండ, దాని కింద రేకుల ఇల్లు. ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ పడి మనుషులు పోయిన ఊరు ఇది. భయం వేయదా అని అడిగాను.

"వానొస్తే నిద్రపోం. కిందైతే అద్దె ఎక్కువ బాబూ" అని పక్కవాళ్ల కాళ్ల మీదికి చెంబు వంచింది.

అక్కడి నుంచి బ్రాహ్మణ వీధి దాకా నేనేమీ మాట్లాడలేదు. ఆ మంట మాత్రం, నిజం చెప్పాలంటే, బాగానే ఉంది. వద్దనుకుంటే ఆటో ఎక్కి ఇంటికి పోవచ్చు. ఆవిడకు ఆ ఆటో లేదు.

హోమగుండం క్యూలో వాణ్ని వదిలేసి, ఎనిమిదింటికి ఇల్లు చేరాను. మా ఆవిడ తలుపు తీసింది. లోపలికైనా వెళ్లకుండా గుమ్మంలోనే కూర్చుని కాలు ఎత్తి పట్టుకున్నాను.

"ఇదిగో చూడు, ఎంత పెద్ద బొబ్బో!"

"అచ్చం మామయ్య గారే" అంది.