అమ్మ కంటికి సూది, ఆ తర్వాత ఆపరేషన్: నా అనుభవం

మాది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, రాట్నం మీద నూలు వడికిన చేతులు మా అమ్మవి. నిరుడు కార్తీకంలో కుడి కన్ను పోటు పెడుతోందంటే తలనొప్పి అనుకుని బిళ్లలు ఇచ్చాను. నాలుగో రోజుకు వాంతులు. కన్ను చింతనిప్పులా ఉంది. శ్రీకాకుళంలో చూపిస్తే కంటి ఒత్తిడి 52 అన్నారు. మామూలుగా 21 దాటకూడదు.

నీటికాసుల్లో ఇది మొండి రకం, నియోవాస్కులర్ గ్లకోమా. షుగర్ వల్ల రెటీనాకు, అంటే కంటి లోపలి వెనుక తెరకు, రక్తం చాలనప్పుడు కన్ను వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. దాంతో పుట్టిన కొత్త రక్తనాళాలు కంటిలోని నీరు బయటికి పోయే దారిని మూసేస్తాయి. అమ్మకు పదిహేనేళ్లుగా షుగర్. ఒక్కసారి కూడా రెటీనా పరీక్ష చేయించలేదు. ఆ తప్పు నాదే.

రైల్లో విశాఖ వెళ్లాం. ఒత్తిడి తగ్గే బిళ్లలకు అమ్మ వేళ్లు తిమ్మిరెక్కాయి. "దారం పట్టు తెలియడం లేదమ్మా" అని దిగులుపడింది. ముందు ఆ వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే సూదిమందు, తర్వాత ఆపరేషన్ అన్నారు. పేగు క్యాన్సర్ కోసం వచ్చిన మందని తెలిసి నా గుండె జారింది. తీరా చూస్తే చుక్కలతో కన్ను మొద్దుబార్చి, అయోడిన్ ద్రావణంతో శుభ్రం చేసి, తెల్లగుడ్డు గుండా కంటి లోపలికి సన్నటి సూదితో ఇచ్చింది 0.05 మిల్లీలీటరు! "అయిపోయిందా?" అంది అమ్మ.

మూడు రోజుల్లో ఎరుపు, నొప్పి తగ్గాయి. "ఇక ఆపరేషన్ ఎందుకమ్మా?" అంది. కోతల రోజులు, చేతిలో డబ్బు లేదు, నేనూ ఊగిసలాడాను. డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు: ఈ మందు పని చేసేది కొన్ని వారాలే, నాళాలు మళ్లీ పుడతాయి. అవి ముడుచుకుని ఉన్నప్పుడే కోస్తే రక్తస్రావం తగ్గుతుంది. ఆపరేషన్‌కు ఈ సూది కలపడం వల్ల దీర్ఘకాలంలో ఎంత మేలో పరిశోధనల్లో స్పష్టంగా తేలలేదని, పోయిన చూపు తిరిగి రాదని కూడా దాచకుండా అన్నారు. ఆ మాటకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ వారమే నీరు పోవడానికి కంట్లో చిన్న గొట్టం అమర్చారు. తర్వాత రెండు విడతలుగా రెటీనాకు లేజర్ చేశారు. అసలు మూలాన్ని అణచేది అదేనట.

ఇప్పుడు ఒత్తిడి 16. కుడి కంటికి చెయ్యి ఆడించడం మాత్రమే తెలుస్తుంది. ఎడమ కంటికీ లేజర్ చేయించాం. ఆ కంటితోనే అమ్మ మళ్లీ నూలు వడుకుతోంది.